చదివింది మీరు ఎవరితో చెప్పుకుంటారు?

మూడోసీటు (కడప)

అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప నేను రాసింది లేదు. కడప నుంచి రాయచోటికి రోజూ ఉద్యోగానికి పోయొస్తుంటాను, పల్లెవెలుగు బస్సులో. పోను గంటన్నర, రాను గంటన్నర, నాకున్న చదువు టైం మొత్తం అదే. ఇంట్లో పుస్తకం పట్టుకుంటే అప్పుడే గ్యాస్ అయిపోతుంది, అప్పుడే పిల్లోడికి మర్నాడు ఇవ్వాల్సిన ప్రాజెక్టు వర్కు గుర్తొస్తుంది. ఆడవాళ్లకు టికెట్టు లేకుండా చేసినప్పటి నుంచి బస్సులో సీటు దొరకడం కష్టమైంది కాబట్టి ఇరవై నిమిషాలు ముందే పోయి మూడో సీటులో కిటికీ పక్కన కూలబడతాను. పేరు అందుకే.

గువ్వలచెరువు ఘాటు వచ్చిందంటే పుస్తకం మూసెయ్యాల్సిందే. ఆ మలుపుల్లో నాలుగు లైన్లు చదివితే కళ్లు తిరుగుతాయి. ఆరు నెలల కిందట అట్ల మూసి కూర్చుంటే పక్క సీటులో పెద్దామె "అదేం కథ పాపా, ఒగదానివే నవ్వుకుంటాండావు" అంది. చెప్పాను. ఆమె గువ్వలచెరువులో దిగుతుంది, అక్కడ కోవా దుకాణంలో పని. ఘాటు ఎక్కడం మొదలైనప్పుడు మొదలుపెట్టి ఊరు వచ్చేలోగా కథ ముగించాలి. మర్నాడు మళ్లీ అడిగింది. ఇప్పుడు ఆమె కోసం కథలు ఏరుకుంటున్నాను, ఘాటుకు సరిపడా పొడుగున్నవి!

ఆఫీసులో మాత్రం బ్యాగులో పుస్తకం కనబడితే "మేడం, ఏం పరీక్షకు ప్రిపేర్ అవుతున్నారు" అంటారు. పరీక్ష లేకుండా కూడా మనుషులు చదువుతారని నమ్మించలేక నోరు మూసుకుంటాను. అందుకే అడుగుతున్నా. మీరు ఎప్పుడు చదువుతారు, చదివింది ఎవరికి చెప్పుకుంటారు? ఏమైనా రాస్తారా?

హంద్రీగట్టు (కర్నూలు)

అక్కా, పరీక్ష మాట నిజం. మా కర్నూలులో లైబ్రరీకి పోతే కుర్చీలన్నీ గ్రూప్స్‌కి, డీఎస్సీకి చదివే పిల్లలతో నిండిపోయి ఉంటాయి. వాళ్లను తప్పు పట్టడం లేదు, ఆ ఫ్యాను గాలి, ఆ నిశ్శబ్దం ఇళ్లల్లో యాడ దొరుకుతాయి? కానీ కథల బీరువా దగ్గరికి నేను పోతే తాళం చెవి కోసం పది నిమిషాలు వెతికారు. తీసినాక చూస్తే నేను మూడేళ్ల కిందట తిరిగిచ్చిన పుస్తకం మీద అదే నా తేదీ ముద్ర, దాని కింద ఇంకొకటి లేదు.

గాడిచర్ల హరిసర్వోత్తమరావు పుట్టింది మా కర్నూలులోనే, 1883లో. 1908లో పత్రికలో రాసినందుకు జైలుకు పోయొచ్చి, తర్వాత ఊరూరా గ్రంథాలయాలు, వయోజన విద్య అని తిరిగిన మనిషి. అట్లాంటాయన ఊరిలో కథల బీరువాకు తాళం అంటే నాకు కొంచెం కడుపు మండుతుంది. మనం కట్టే ఇంటి పన్నులోనే లైబ్రరీ పన్ను కూడా కలిసి ఉంటుంది, చాలామందికి తెలియదు. డబ్బు కట్టి పుస్తకం తీసుకోకపోవడం హోటల్లో బిల్లు కట్టి ఉగ్గాని తినకుండా వచ్చేసినట్టు.

నేను ల్యాబ్‌లో నైట్ షిఫ్ట్. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా శాంపిళ్లు తక్కువ, అప్పుడు చదువుతా. చెప్పుకునేదానికి ఎవరూ లేరు. సెంట్రిఫ్యూజ్ మిషనుకు చెప్తా, అది తిరుగుతా వింటుంది.

ఒకటేమాట (అనంతపురం)

నేను ఎవరికీ చెప్పను. చెప్పాల్సిన అవసరం ఏముంది? చదవడం అంటేనే ఒక్కడే చేసే పని. నలుగురికి చెప్పుకోవడం మొదలుపెడితే రేపటి నుంచి చెప్పుకోవడానికే చదువుతాం. నాకు తెలిసినవాళ్లు చాలామంది అట్లనే అయ్యారు, పుస్తకం పక్కన కాఫీ గ్లాసు పెట్టి ఫోటో, లోపల ఇరవయ్యో పేజీ దాటలేదు. నేను ఫోనులో, లైటు ఆర్పేసి, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పెట్టుకుని చదువుతా. పుస్తకం వాసన గీసన అని ఎవరైనా మొదలుపెడితే దణ్ణం పెట్టి తప్పుకుంటా.

బుడ్డలచేను (కళ్యాణదుర్గం దగ్గర)

నేను రైతుని. డిగ్రీ తెలుగు తీసుకున్నా, ఆ తర్వాత చేనుకే వచ్చేసినా. బుడ్డలు అంటే వేరుశనక్కాయలు, వేరే జిల్లాలవాళ్లు వేరే అర్థం చేసుకుంటే నా బాధ్యత లేదు. కలుపు తీసే టైంలో కూలోళ్లు అన్నానికి కూర్చున్నప్పుడు నేను వేపచెట్టు కింద పుస్తకం తీస్తా. మొన్న ఒక ఆటవెలది కట్టినా, నవ్వకండి.

చేను గట్టు మీద చెట్టు నీడను చేరి
చదువుకొంటి నేను చద్ది తినుచు
పేజి తిప్పినపుడు పొట్టు రాలెనుగాని
కథను వదలలేదు పనిని మరిచి

ఇదే నేను రాసేది. వాట్సాప్‌లో మా బామ్మర్దికి పంపిస్తే బొటనవేలు బొమ్మ పెట్టినాడు, చదివినాడో లేదో దేవునికెరుక.

మూడోసీటు (కడప)

అన్నా, పొట్టు రాలడం భలే ఉంది!! మా ఇంట్లో పుస్తకాల్లో చపాతీ పిండి రాలుతుంది.

తెలుగయ్యవారు (ప్రొద్దుటూరు)

నాయనా బుడ్డలచేనూ, మొదటి రెండు పాదాలు చక్కగా కుదిరాయి. గణాలంటే పాదంలోని తూకపు ముక్కలు, సూర్యగణం చిన్నది, ఇంద్రగణం పెద్దది. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాలకు అయిదూ సూర్యగణాలే. గణాలు నువ్వు ఎక్కడా తప్పలేదు, చెవితోనే పట్టుకున్నావని తెలుస్తోంది. తప్పింది యతి. నాలుగో గణం మొదటి అక్షరం, పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి. "చేను"కు "చెట్టు", "చదువు"కు "చద్ది" బాగున్నాయి. మూడో పాదంలో "పేజి"కి "పొట్టు" కుదరదు. హల్లు ఒకటే అయినా ఏత్వానికీ ఒత్వానికీ స్నేహం లేదు. నాలుగో పాదంలో "కథను"కు "పనిని" అసలే కుదరదు.

పని అని ఎందుకన్నావు? ఏం పని? రైతువి కదా, ఆ రోజు చేతిలో ఉన్న పని పేరు చెప్పు.

బుడ్డలచేను (కళ్యాణదుర్గం దగ్గర)

అయ్యవారూ... "కథను వదలలేదు కలుపు మరిచి". అంతే కదా!

అరే, ఇది ముందే తట్టాల్సింది. పొద్దున్నుంచి కలుపే తీస్తున్నా, పద్యంలోకి వచ్చేసరికి పని అని రాసినా.

తెలుగయ్యవారు (ప్రొద్దుటూరు)

అదే. యతి కోసం వెతికితే నీ చేనిలోని మాటే దొరికింది. మూడో పాదానికి "పుటలు తిప్పినపుడు" అంటే సరిపోతుంది.

బుడ్డలచేను (కళ్యాణదుర్గం దగ్గర)

క్షమించాలి అయ్యవారూ, మా చేన్లో ఎవరూ పుటలు అనరు. పుటలు తిప్పినాను అంటే మా కూలోళ్లు నాకు ఎండదెబ్బ తగిలిందనుకుంటారు. ఆలోచిస్తా, టైమివ్వండి.

కొలతలపుస్తకం (కడప)

సలాం. నేను టైలర్‌ని. నా దగ్గర కొలతల పుస్తకం ఉంటుంది, ముందు పక్క కస్టమర్ల నడుము, భుజం, చేతి పొడవు, వెనక పక్క నా షేర్లు, అంటే గజల్లో వచ్చే రెండేసి లైన్ల పద్యాలు. ఒకసారి చూసుకోకుండా ఒకాయన కొలతల కిందనే రాసేశా, ఆయన చదివి "బాషా భాయ్, నా నడుము మీద కవిత్వమా" అని ఒకటే నవ్వు.

మాకు ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. చిన్నప్పుడు మా అబ్బాజాన్ ముషాయిరాలకు, అంటే ఉర్దూ కవుల సభలకు తీసుకుపోయేవాడు. అక్కడ చదివినవాడు ఒక్కడే ఉండడు కదా, మొదటి మిస్రా (లైను) చెప్తే జనం దాన్ని మళ్లీ అని రెండోదాని కోసం కాచుకుంటారు. అనంతపురం అన్న చెప్పినట్టు ఒక్కడే చదువుకునే పని అనేది నాకు కొత్తగా ఉంది. తప్పని అనడం లేదు.

గజల్లో చివర మళ్లీ మళ్లీ వచ్చే మాట రదీఫ్, దాని ముందు ప్రాస కలిసేది కాఫియా. మొదటి షేర్‌లో రెండు లైన్లకూ రెండూ ఉండాలి. తెలుగులో నేను ప్రయత్నించింది:

ఊరంతటికీ కుట్టి ఇచ్చా, నా చొక్కాకు గుండీ లేదు
పండక్కి అందరూ పోయారు, నా ఊరికి బండీ లేదు

"లేదు" రదీఫ్. గుండీ, బండీ కాఫియా. రంజాన్ ముందు రాత్రి మూడింటికి మిషను మీద రాసుకున్నా.

హంద్రీగట్టు (కర్నూలు)

బాషా భాయ్, గుండీ లేదు అన్నచోట నేను ల్యాబ్‌లో ఒక్కణ్ణే గట్టిగా వాహ్ అన్నా. వాచ్‌మన్ లేచొచ్చాడు.

జేజిమనవరాలు (కదిరి)

నాకు కథలు చెప్పింది మా జేజి, అంటే నాయనమ్మ. ఆమెకు సంతకం కూడా రాదు, వేలిముద్ర. కానీ వేమన పద్యాలు ఎన్ని వచ్చో లెక్కలేదు. ఏదో పండగనాడో పూజనాడో చెప్పేది కాదు, మాటకు మాటగా వచ్చేసేవి. పప్పులో ఉప్పు ఎక్కువైతే ఒకటి, మా చిన్నాయన అప్పు చేస్తే ఒకటి. వేమన సమాధి ఉన్న కటారుపల్లి మాకు దగ్గర, ఏడాదికొకసారి పోయేవాళ్లం. వేమన అంటే పుస్తకంలో ఉంటాడని నాకు స్కూల్లోకి పోయేదాకా తెలీదు. మా జేజికి చుట్టం అనుకున్నా.

తర్వాత నేను చదవడం నేర్చుకున్నాక ఆమెకు పేపరు, వారపత్రిక కథలు చదివి వినిపించేదాన్ని. నచ్చకపోతే "పో, వీనికి అన్నం వండడం రాదు, వంట గురించి రాసినాడు" అనేసేది. ఆమె పోయి ఎనిమిదేళ్లు. ఇప్పటికీ కథ చదివేటప్పుడు లోపల ఆమె గొంతు అడ్డం వస్తుంటుంది.

ఇప్పుడు పిల్లలకు రాత్రి పడుకునే ముందు గట్టిగా చదువుతా. చిన్నోడు మధ్యలోనే నిద్రపోతాడు, పెద్దది "నువ్వు రెండు లైన్లు వదిలేశావు" అని పట్టుకుంటుంది. నిజమే, నాకూ నిద్రొచ్చి వదిలేస్తా.

కొలతలపుస్తకం (కడప)

ఆ పద్యాలు పుస్తకంలోకి ఎక్కిన కథ మా కడపకూ కొంచెం చెందుతుంది అమ్మా. బ్రౌన్ దొర 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చి, తర్వాత ఇక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాళపత్రాలు తెప్పించి నకళ్లు రాయించాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేశాడు. నిఘంటువు 1852లో వచ్చింది. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో లైబ్రరీ ఉంది. నేను పోయేది ఒక్క ఆదివారం సాయంత్రాలే, అది కూడా షాపులో పని లేకపోతే. ఏ మాటకా మాట, పద్యం జేజి నోట్లో ఉంటే జేజితో పోతుంది, ఎవడో ఒకడు కూర్చుని రాసి పెట్టాలి.

ఒకటేమాట (అనంతపురం)

రాసి పెట్టాలి, సరే. మరి పీడీఎఫ్ పెట్టినా తిడతారేం?

హంద్రీగట్టు (కర్నూలు)

తిట్టేది పాత పుస్తకాలకు కాదన్నా. మన సీమలో రాసేవాళ్లు సొంత డబ్బుతో మూడొందలో అయిదొందలో కాపీలు వేసుకుంటారు, సగం స్నేహితులకు పంచుతారు, మిగతా సగం మంచం కింద. అట్లాంటి పుస్తకాన్ని వారం తిరక్కుండా స్కాన్ చేసి గ్రూపుల్లో తోసేస్తే ఆ మంచం కింది సగం అట్లనే ఉండిపోతుంది. హక్కులు తీరిపోయినవి ఎన్ని కావాలన్నా చదువుకో, ఎవరూ అడ్డం రారు.

ఒకటేమాట (అనంతపురం)

ఒప్పుకుంటా. కొన్నది కూడా ఉంది నా దగ్గర, అందరినీ ఒకే గాటన కట్టొద్దు.

మూడోసీటు (కడప)

ఇంకో సంగతి అడగాలి. నేను బస్సులో పెద్దామెకు చెప్పిన కథలను తర్వాత డైరీలో రాసుకుంటున్నా, నా మాటల్లో. రాస్తుంటే ఒక తంటా. "ఎక్కడికి" అని రాయాలా, "యాడికి" అని రాయాలా? నోటితో చెప్పేటప్పుడు యాడికి అనే వస్తుంది, పెన్ను పట్టుకోగానే ఎక్కడికి అయిపోతుంది. ఎవరో నా చెయ్యి పట్టుకుని దిద్దుతున్నట్టు. బహుశా ఆరో తరగతిలో తిన్న బెత్తం దెబ్బల ప్రభావం.

తెలుగయ్యవారు (ప్రొద్దుటూరు)

ఆ బెత్తం నాలాంటివాడిదే అయ్యుంటుంది, మన్నించమ్మా. ముప్పై ఏళ్లు పిల్లల కాంపోజిషన్ నోట్సుల్లో "యాడ" అన్న మాట కింద ఎర్రగీత గీశాను. రిటైరయ్యాక సీమ కథలు వరసగా చదివితే నేను గీత గీసిన మాటలన్నీ అందులో దర్జాగా కూర్చుని ఉన్నాయి. పాత్రలు మాట్లాడేచోట యాడికి అనే రాయి. కథ చెప్పే గొంతు ఎవరిదన్నది నువ్వే తేల్చుకోవాలి, దానికి ఎవరూ సూత్రం ఇవ్వలేరు.

పరీక్షల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను. పుట్టపర్తి నారాయణాచార్యులవారు అనంతపురం జిల్లా చియ్యేడులో పుట్టారు, మా ప్రొద్దుటూరులో చాలాకాలం ఉన్నారు. చిన్న వయసులోనే "పెనుగొండ లక్ష్మి" అని కావ్యం రాశారు. పెద్దయ్యాక విద్వాన్ పరీక్షకు కూర్చుంటే పాఠ్యపుస్తకాల్లో అదే ఉంది! తాను రాసినదాని మీద తానే పరీక్ష రాసిన మనిషి. మీ ఆఫీసువాళ్లు ఏం పరీక్ష అని అడిగితే ఈ కథ చెప్పు.

జేజిమనవరాలు (కదిరి)

😂 నాకు ఆ పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చాయో తెలుసుకోవాలనుంది.

హంద్రీగట్టు (కర్నూలు)

అక్కా, ఘాటు అయిపోయాక రాయచోటి దాకా బోర్డులు చదవండి. కేతు విశ్వనాథరెడ్డి గారు కథకుడిగానే చాలామందికి తెలుసు కానీ ఆయన పరిశోధన కడప జిల్లా ఊర్ల పేర్ల మీద. అది తెలిసినప్పటి నుంచి నేను బస్సు ఎక్కితే పల్లె, పాడు, కుంట, మడుగు అని చివరలు లెక్కపెట్టుకుంటా. మీ ఘాటు పైన ఊరి పేరులో గువ్వలూ ఉన్నాయి, చెరువూ ఉంది. ఎవరు పెట్టారో కానీ ఒక్క మాటలో పద్యం.

మూడోసీటు (కడప)

రెండు వారాలు రాలేదు, ఆడిట్ టెన్షన్. ఇప్పుడు ఒకటి చెప్పాలి.

నిన్న పెద్దామెకు ఒక కథ చెప్పాను. కరువులో ఎద్దును అమ్ముకునే రైతు కథ, వారపత్రికలో వచ్చింది, చదివి నేను బస్సులోనే కళ్లు తుడుచుకున్నా. చివర రైతు ఎద్దు మెడలో పలుపు (కట్టే తాడు) పట్టుకుని తెచ్చి, ఆ పలుపు కొన్నవాడి చేతికిచ్చి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతాడు. చాలా బాగా రాశారు అనుకున్నా. గొంతు బొంగురుపోతుండగా చెప్పి ఆపాను. ఆమె ఏమీ అనలేదు. ఇంకో మలుపు తిరిగింది బస్సు. అప్పుడు అంది: "అది రాసినాయప్ప ఎప్పుడూ ఎద్దునమ్మినోడు కాదు."

ఎందుకన్నాను. "మా ఇండ్లల్లో ఎద్దునమ్మితే పలుపియ్యం పాపా. గొడ్డునిస్తాం, పలుపు మట్టుకు ఇప్పుకొని ఇంటికి తెచ్చుకుంటాం. కొన్నోడు వాని పలుపు వాడు తెచ్చుకోవాల. పలుపు గూడా ఇచ్చేస్తే ఆ కొట్టం గాట్లోకి ఇంగ గొడ్డు రాదంటారు." తర్వాత మెల్లగా అంది, వాళ్లాయన ఎద్దులమ్మిన రోజు రెండు పలుపులూ భుజానేసుకొని వచ్చి దూలానికి తగిలించాడట. ఆ ఏడాదే ఈమె కోవా దుకాణంలో పనికి చేరింది. పలుపులు ఇంకా దూలానికే ఉన్నాయట.

ఊరొచ్చింది, దిగిపోయింది.

పత్రికలో కథకు పక్కనే పెన్నుతో రాసుకున్నా, పలుపు ఇవ్వరు అని. ఇంటికొచ్చి డైరీలో ఆమె చెప్పింది చెప్పినట్టు రాశా. యాడికి అనే వచ్చింది, దిద్దలేదు అయ్యవారూ.

బుడ్డలచేను (కళ్యాణదుర్గం దగ్గర)

మా నాయన కూడా ఇచ్చేవాడు కాదక్కా. సంతలో అందరికీ తెలిసిన సంగతే. కథలో అది చదివుంటే నేనూ అక్కడే ఆగిపోయేవాణ్ణి.

ఒకటేమాట (అనంతపురం)

నేను ఈ కథ ఫోనులో చదివా, ఇదే వారపత్రిక. పలుపు దగ్గర నాకేమీ అనిపించలేదు, బాగుందనే అనుకున్నా. ఒక్కణ్ణే చదువుకుంటా అన్నాను కదా... మీ పెద్దామెను ఇంకేమైనా కథలు అడిగి చూడండి. నా దగ్గర రెండున్నాయి, చిన్నవే, ఘాటుకు సరిపోతాయి.

మూడోసీటు (కడప)

పంపండి అన్నా. సోమవారం చెప్తా. బాగాలేకపోతే ఆమె మొహం మీదే అంటుంది, ముందే చెప్తున్నా.

బుడ్డలచేను (కళ్యాణదుర్గం దగ్గర)

అయ్యవారూ, మూడో పాదం దొరికింది. వానొచ్చి పని ఆగిపోతే గుడిసెలో కూర్చుని కట్టినా.

చేను గట్టు మీద చెట్టు నీడను చేరి
చదువుకొంటి నేను చద్ది తినుచు
పుస్తకాల నిండ పొట్టు రాలెనుగాని
కథను వదలలేదు కలుపు మరిచి

ఉన్నది ఒకటే పుస్తకం. గణం కోసం "పుస్తకాల" అన్నా.

తెలుగయ్యవారు (ప్రొద్దుటూరు)

యతి కుదిరింది. ఇంకో పుస్తకం నేను పోస్టులో పంపుతాను, అప్పుడు అబద్ధం కూడా ఉండదు. కలుపు సంగతి మాత్రం చూసుకో నాయనా, వాన పడిందంటున్నావు.